ఇంటి వైఫై ఛానెళ్ల ఎంపిక: ఒకటికి మించి యాక్సెస్ పాయింట్లు ఉన్నప్పుడు

ఒకే ఇంట్లో రెండు మూడు వైఫై యాక్సెస్ పాయింట్లు ఉన్నప్పుడు ఏది ఏ రేడియో ఛానెల్ మీద పనిచేయాలి, ఆ ఛానెల్ వెడల్పు ఎంత ఉండాలి, ఎంత శక్తితో ప్రసారం చేయాలి అని నిర్ణయించే పనిని ఛానెల్ ప్లానింగ్ అంటారు. ఒకప్పుడిది ఆఫీసులకు, హోటళ్లకు, కళాశాల ప్రాంగణాలకు మాత్రమే అవసరమయ్యేది. ఫైబర్ మోడెమ్ కింద హాల్లో ఉండి మేడ మీద గదికి సిగ్నల్ అందకపోవడంతో ఇంకో రౌటర్ కొని తగిలించుకోవడం మామూలైపోయింది. దాంతో ఈ పని ఇళ్లకూ వచ్చింది. యాక్సెస్ పాయింట్లు పెరిగితే వేగం పెరుగుతుందన్న నమ్మకం సగమే నిజం. ఛానెళ్లు సరిగా పంచకపోతే రెండో పెట్టె మొదటిదాని వేగాన్ని తినేస్తుంది.

వినడం, ఆగడం, పంపడం

ఒక ఛానెల్ మీద ఒక క్షణంలో ఒక్క రేడియో ప్రసారమే సవ్యంగా సాగుతుంది. ఆ రేడియో మన ఫోన్‌లోది కావచ్చు, పక్కింటి టీవీలోది కావచ్చు. అందుకే ప్రతి వైఫై పరికరం పంపబోయే ముందు వింటుంది. ఛానెల్ ఖాళీగా ఉంటే కొన్ని మైక్రోసెకన్లు ఆగి, అప్పటికీ ఖాళీగానే ఉంటే పంపుతుంది. నార్మన్ అబ్రామ్సన్ బృందం హవాయి విశ్వవిద్యాలయంలో 1971లో నడిపిన అలోహానెట్‌లో ఈ వినే ఏర్పాటు లేదు. ఎవరికి తోచినప్పుడు వారు పంపేవారు, ఢీకొని పాడైనవి మళ్లీ పంపేవారు. ఆ పద్ధతిలో ఛానెల్ సామర్థ్యంలో గరిష్ఠంగా 18 శాతమే అక్కరకొస్తుందని లెక్క తేలింది. తరవాత వచ్చిన నెట్‌వర్కులు వినడం నేర్చుకున్నాయి. 1997లో వెలువడిన తొలి వైఫై ప్రమాణం ఐఈఈఈ 802.11 కూడా దాన్నే ఆధారం చేసుకుంది.

ఛానెల్ ఎంపికలో అసలు మెలిక ఈ వినడంలోనే ఉంది. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో మరో వైఫై ప్రసారపు ఆరంభ సంకేతం మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) అంత బలహీనంగా వినిపించినా రేడియో ఆగిపోవాలని ప్రమాణం చెబుతుంది. వినిపించేది వైఫై అని గుర్తుపట్టలేకపోతే మాత్రం, ఆ చప్పుడు మైనస్ 62 డీబీఎం దాకా ఉన్నా పట్టించుకోకుండా పంపేయవచ్చు. ఈ రెండు హద్దుల మధ్య తేడా 20 డెసిబెల్స్, అంటే శక్తిలో 100 రెట్లు. ఒకే ఛానెల్ మీద ఉన్న రెండు యాక్సెస్ పాయింట్లు ఒకదాని మాట ఒకటి పోల్చుకుని వంతులవారీగా నడుస్తాయి. వేగం తగ్గినా సమాచారం పాడవదు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కొంతమేర ఒకదాని మీదికొకటి ఎక్కే 1, 3 ఛానెళ్ల మీద చెరొకటి ఉంటే ఒకదాని ప్రసారం రెండోదానికి అర్థం కాని రొదగా చేరుతుంది. ఆగాల్సినంత బలంగా అది వినిపించదు, పంపినది సవ్యంగా చేరనివ్వదు. రచ్చబండ దగ్గర ఒకరి తరవాత ఒకరు మాట్లాడితే ఆలస్యమైనా అందరి మాటా వినబడుతుంది. పక్క వీధి మైకు మోగుతుంటే ఎవరి మాటా తెలియదు.

కాబట్టి పొరుగువారంతా 1, 6 ఛానెళ్ల మీద ఉన్నారని, ఖాళీగా కనిపించిన 3 లేదా 4 ఎంచుకోవడం పొరపాటు. దానివల్ల ఇటు 1 మీద ఉన్నవారితోనూ అటు 6 మీద ఉన్నవారితోనూ తగువే. ఖాళీ ఛానెల్ దొరకనప్పుడు, ఉన్నవాటిలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని పూర్తిగా పంచుకోవడమే మేలు.

ఎవరూ ఏమీ చూడకపోయినా ఛానెల్ పూర్తిగా ఖాళీగా ఉండదు. ప్రతి యాక్సెస్ పాయింట్ తన పేరు, వివరాలు చాటుతూ బీకన్ అనే చిన్న సందేశాన్ని సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇది చాలాచోట్ల ఇప్పటికీ 1 ఎంబీపీఎస్ వేగంతోనే పోతుంది, పాత పరికరాలకూ అర్థం కావాలి కాబట్టి. 250 బైట్ల బీకన్‌కు ఆ వేగంలో 2 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒక్కో నెట్‌వర్క్ పేరుకు ఛానెల్ కాలంలో దాదాపు 2 శాతం. ఇంట్లోవారికొక పేరు, అతిథులకొక పేరు, కెమెరాలకొక పేరు పెట్టి, మూడు యాక్సెస్ పాయింట్లనూ ఒకే ఛానెల్ మీద ఉంచితే 18 శాతం కాలం పేర్లు చాటుకోవడానికే ఖర్చు. పేర్లు తగ్గించినా, బీకన్ల కనీస వేగం పెంచినా ఈ భారం తేలికవుతుంది.

2.4 గిగాహెర్ట్జ్: మూడే ఛానెళ్లు

అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1985లో పరిశ్రమ, విజ్ఞాన, వైద్య అవసరాలకు కేటాయించి ఉన్న బ్యాండ్లను లైసెన్సు అక్కర్లేని రేడియోలకు కూడా తెరిచింది. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న బ్యాండ్ వాటిలో ఒకటి. భారతదేశంలో దీనికి లైసెన్సు మినహాయింపు 2005 జనవరిలో వచ్చింది. ఇందులో 1 నుంచి 13 దాకా ఛానెళ్లున్నాయి. 1వ ఛానెల్ నడిమధ్య 2412, 6వది 2437, 11వది 2462, 13వది 2472 మెగాహెర్ట్జ్. 14వ ఛానెల్‌ను జపాన్ మాత్రమే, అదీ పాత 802.11బి పద్ధతికే అనుమతించింది.

ఛానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్. ఒక్కో ప్రసారం ఆక్రమించేదేమో 20 మెగాహెర్ట్జ్, పాత పద్ధతిలో 22. కనుక పదమూడు అంకెలున్నా ఒకదానితో ఒకటి తగలకుండా సాధారణంగా వాడుకునేవి 1, 6, 11 మూడే. పదమూడూ వాడుకునే దేశాల్లో 1, 5, 9, 13 అని నాలుగుగా పంచవచ్చన్న వాదన ఉంది. లెక్క ప్రకారం అది సరైనదే. ఊరి మధ్య ఇంట్లో మాత్రం పనికిరాదు. పొరుగు రౌటర్లన్నీ 1, 6, 11 మీద ఉంటే మన 5వ ఛానెల్ వారి 6తో, మన 9వ ఛానెల్ వారి 6, 11 రెండింటితోనూ ఢీకొంటుంది. పైగా అమెరికాలో అమ్మే పరికరాలు సాధారణంగా 11వ ఛానెల్ దాకానే పనిచేస్తాయి. అక్కడినుంచి పిల్లలు తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్‌కు 13వ ఛానెల్ మీదున్న నెట్‌వర్క్ కనిపించకపోతే లోపం ల్యాప్‌టాప్‌లో వెతకనక్కర్లేదు. పొలం మధ్యనో ఊరికి దూరంగానో ఒంటరిగా ఉన్న ఇంట్లో నాలుగు ఛానెళ్ల పద్ధతి నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

ఈ బ్యాండ్‌లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు ఎంచుకోవడం సమంజసం కాదు. ఒక్క యాక్సెస్ పాయింటే బ్యాండ్‌లో సగాన్ని కాజేస్తే మిగతా రెండింటికి చోటు ఉండదు. 2.4లో ఎప్పుడూ 20 మెగాహెర్ట్జే.

ఇక్కడ వైఫైతో పాటు వేరేవీ తిరుగుతుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ 2450 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తుంది. ఇళ్లలో వాడే మామూలు ఓవెన్ కరెంటు ఆవృత్తంలో సగభాగంలోనే తరంగాలను వెలువరిస్తుంది కాబట్టి, మన 50 హెర్ట్జ్ సరఫరాలో ప్రతి 20 మిల్లీసెకన్లలో దాదాపు సగం కాలం వైఫైకి సందు దొరుకుతుంది. బ్లూటూత్ 2003 నాటి 1.2 వెర్షన్ నుంచి రద్దీగా ఉన్న చోట్లను తప్పించుకుంటూ గంతులేయడం నేర్చింది. తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్ తన ఉనికి చాటుకునే మూడు ఛానెళ్లను 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టింది, అంటే వైఫై 1, 6, 11 లకు ఇవతలా అవతలా సందుల్లో. స్మార్ట్ బల్బులు, స్విచ్చులు వాడే జిగ్‌బీకి ఇదే బ్యాండ్‌లో 11 నుంచి 26 దాకా అంకెలుంటాయి, అవి వైఫై అంకెలు కావు. వైఫైని 1, 6, 11 మీద ఉంచిన ఇంట్లో జిగ్‌బీకి 15, 20, 25, 26 సుఖమైన చోట్లు. రౌటర్ వెనక తగిలించిన యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్కు కూడా ఈ బ్యాండ్‌లో రొద పుట్టిస్తుందని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రంలో వివరించింది. డిస్కును కాస్త పొడవైన, కవచం ఉన్న కేబుల్‌తో దూరంగా పెడితే తేడా తెలుస్తుంది.

5 గిగాహెర్ట్జ్: వెడల్పు మీద ఆశ

భారతదేశంలో 2018 అక్టోబరు నిబంధనలు 5150–5350, 5470–5725, 5725–5875 మెగాహెర్ట్జ్ భాగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చాయి. మొత్తం 605 మెగాహెర్ట్జ్, 2.4తో పోలిస్తే ఏడు రెట్లకు పైన. ఇక్కడ ఛానెల్ అంకెలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి: 36, 40, 44, 48; తరవాత 52 నుంచి 64; 100 నుంచి 144; 149 నుంచి 165. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున 25 ఛానెళ్లు, ఏదీ పక్కదాని మీదికి ఎక్కదు. 40 వెడల్పున 12, 80 వెడల్పున 6, 160 వెడల్పున రెండు.

రౌటర్ పెట్టె మీద అచ్చేసే పెద్ద అంకెలన్నీ 80 లేదా 160 మెగాహెర్ట్జ్ వెడల్పుకు లెక్కించినవి. ఒకే యాక్సెస్ పాయింట్ ఉన్న ఇంటికి ఆ వెడల్పు అందంగానే ఉంటుంది. యాక్సెస్ పాయింట్లు ఎక్కువైనకొద్దీ వెడల్పు కన్నా విడి ఛానెళ్లకే విలువ ఎక్కువ. వెడల్పు రెట్టింపు చేస్తే లోపలికొచ్చే సహజ రొద కూడా 3 డెసిబెల్స్ పెరుగుతుంది, దూరపు గదిలో అందిన కొద్ది సిగ్నల్ మరింత పలచబడుతుంది. రెండు యాంటెనాల వైఫై 5 ఫోన్‌కు 40 మెగాహెర్ట్జ్‌లో గరిష్ఠ లింకు వేగం 400 ఎంబీపీఎస్, వైఫై 6 ఫోన్‌కు సుమారు 574. ఇందులో చేతికందేది సగానికి కాస్త పైన అనుకున్నా 100, 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంటికి 40 చాలు. ప్లాన్ 500 దాటినప్పుడో, ఇంట్లోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పెద్ద ఫైళ్లు పంపుకునే పని ఉన్నప్పుడో 80 గురించి ఆలోచించవచ్చు. ఒకటికి మించి యాక్సెస్ పాయింట్లున్న ఇంట్లో ఈ బ్యాండ్‌లో 160 వెడల్పు అక్కర్లేదు.

52 నుంచి 144 దాకా ఉన్న నడిమి ఛానెళ్లలో రాడార్లకు ముందు హక్కు. 2003లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు ఈ భాగాన్ని వైఫైకి ఇస్తూ, రాడార్ వినిపిస్తే తప్పుకోవాలన్న షరతు పెట్టింది. దాన్ని డీఎఫ్ఎస్ అంటారు. ఈ ఛానెల్ ఎక్కే ముందు యాక్సెస్ పాయింట్ 60 సెకన్లు మౌనంగా వినాలి. ఐరోపాలో వాతావరణ రాడార్లుండే 5600–5650 భాగంలోనైతే 10 నిమిషాలు. రాడార్ తగిలితే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, 30 నిమిషాల దాకా తిరిగి రాకూడదు. షరతు ఊరికే పెట్టింది కాదు. ప్యూర్టో రికోలోని శాన్ హువాన్ విమానాశ్రయ వాతావరణ రాడార్ తెర మీద 5 గిగాహెర్ట్జ్ పరికరాల వల్ల తప్పుడు గీతలు కనిపించి, ఎఫ్‌సీసీ రంగంలోకి దిగాల్సి వచ్చింది. మచిలీపట్నం, విశాఖపట్నంలలో తుఫానులను కనిపెట్టే డాప్లర్ రాడార్లు ఎస్ బ్యాండ్‌వి, వాటికీ 5 గిగాహెర్ట్జ్ వైఫైకీ తగువు లేదు.

విమానాశ్రయానికో ఓడరేవుకో దగ్గర కాని ఇంట్లో నడిమి ఛానెళ్లు తరచు ఎవరూ వాడనివి, ప్రశాంతమైనవి. అయితే చవక రౌటర్లు కొన్నింటిలో అవి ఉండవు, కొన్ని టీవీలు, పాత ఫోన్లు వాటిని చూడలేవు. ఇంట్లో ఉన్న ప్రతి పరికరంతోనూ ఒకసారి ప్రయత్నించి చూశాకే వాటిని ఖాయం చేసుకోవాలి.

గోడలు, స్లాబు, శక్తి

ఛానెళ్లు పంచడం గణితంలో గ్రాఫుకు రంగులేసే సమస్యలాంటిది. ఒకదానికొకటి వినిపించే యాక్సెస్ పాయింట్లకు ఒకే రంగు రాకూడదు. సెల్ ఫోన్ వ్యవస్థకు మూలమైన ఆలోచన కూడా ఇదే. ఒకే పౌనఃపున్యాన్ని తగినంత దూరంలో మళ్లీ వాడుకోవచ్చని 1947 డిసెంబరులో బెల్ లాబ్స్‌లో డగ్లస్ రింగ్ రాసిన అంతర్గత పత్రం ప్రతిపాదించింది. సమతలం మీద గీసిన ఏ పటానికైనా నాలుగు రంగులు చాలునని 1976లో ఆపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో నిరూపించారు. కానీ ఇల్లు సమతలం కాదు. పైనా కిందా కూడా ఇరుగుపొరుగు ఉన్నప్పుడు ఇన్ని రంగులు చాలునన్న హద్దేదీ లేదు. అపార్ట్‌మెంట్లో మన ఛానెల్‌కు పోటీ పక్క ఫ్లాట్ల నుంచే కాదు, పైఫ్లాటు నుంచీ కిందిఫ్లాటు నుంచీ వస్తుంది.

ఆ పోటీని తగ్గించే మొదటి సాధనం ప్రసార శక్తి. ఛానెల్ మార్చడం కన్నా దీనికే ఎక్కువ ఫలితం ఉన్నా, దీన్ని ఎవరూ ముట్టుకోరు. పెట్టెలన్నీ పూర్తి శక్తితో వస్తాయి, అందరూ అలాగే వదిలేస్తారు. యాక్సెస్ పాయింట్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ అంత గట్టిగా బదులు పలకలేదు, దాని రేడియో చిన్నది. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తూ వీడియో కాల్ మాత్రం తెగిపోవడానికి ఇదొక కారణం. రెండు మూడు యాక్సెస్ పాయింట్లున్న ఇంట్లో ఒక్కోటి తన గదులకు సరిపడా వినిపిస్తే చాలు.

2.4 తరంగాల కన్నా 5 గిగాహెర్ట్జ్ తరంగాలు ఖాళీ ప్రదేశంలోనే దాదాపు 7 డెసిబెల్స్ ఎక్కువ బలహీనపడతాయి. ఇటుక గోడలు, ఇనుప కడ్డీలున్న కాంక్రీటు స్లాబు ఆ తేడాను ఇంకా పెంచుతాయి. కనుక 2.4 రేడియో శక్తిని 5 కన్నా 6, 7 డెసిబెల్స్ తగ్గించి పెట్టడం మంచి ఆరంభం. అప్పుడు రెండు బ్యాండ్ల విస్తీర్ణమూ సుమారుగా సమానమై, ఫోన్లు తమంతట తామే 5 వైపు మొగ్గుతాయి. నాలుగు యాక్సెస్ పాయింట్లుంటే ఒకటి రెండింటిలో 2.4ను పూర్తిగా ఆపేయడం ఇంకా మంచిది. స్మార్ట్ ప్లగ్గులకు, కెమెరాలకు మిగిలినవి చాలు.

ఇంట్లో అటూ ఇటూ తిరిగేటప్పుడు ఏ యాక్సెస్ పాయింట్‌కు మారాలో నిర్ణయించేది ఫోనే. ఆపిల్ ప్రచురించిన వివరాల ప్రకారం ఐఫోన్ తనకందే సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కన్నా పడిపోయాకే ఇంకోదాన్ని వెతకడం మొదలుపెడుతుంది. అందులోనూ సమాచారం నడుస్తున్నప్పుడు 8 డెసిబెల్స్, ఊరికే ఉన్నప్పుడు 12 డెసిబెల్స్ మెరుగైనది దొరికితేనే మారుతుంది. కింద ఉన్న పెట్టె పూర్తి శక్తితో మేడ మీదికీ మైనస్ 68గా వినిపిస్తుంటే, పక్కనే ఉన్న పై పెట్టెను ఆ ఫోన్ వెతకనే వెతకదు. శక్తి తగ్గించడం ఈ జిడ్డుతనానికీ మందే. అన్నింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే భద్రతా పద్ధతి ఉండాలి. ఛానెళ్లు మాత్రం వేరు వేరు.

ఒక జీ ప్లస్ టూ ఇంటికి

విజయవాడలోనో వరంగల్‌లోనో మామూలుగా కనిపించే జీ ప్లస్ టూ ఇల్లు అనుకుందాం. అంతస్తుకొక యాక్సెస్ పాయింట్, మూడింటికీ కింది నుంచి కేబుల్. 2.4లో కింద 1, మొదటి అంతస్తులో 6, పైన 11. పొరుగింటి రౌటర్ పై అంతస్తుకు 11 మీద గట్టిగా వినిపిస్తుంటే అదే మూడింటిని అటూ ఇటూ మార్చాలి, నాలుగో అంకె వెతక్కూడదు. 5లో నడిమి ఛానెళ్లు పనిచేసే పరికరాలైతే 36–48, 100–112, 149–161 అని మూడింటికీ 80 వెడల్పు ఇవ్వవచ్చు. అవి లేకపోతే వెడల్పు 40కి దించితే 36–40, 44–48, 149–153, 157–161 అని నాలుగు చేతికొస్తాయి. కింద 36–40, నడుమ 149–153, పైన 44–48. కిందిదీ పైదీ అంకెల్లో పక్కపక్కనే ఉన్నా, మధ్యలో రెండు స్లాబులున్నాయి. అంకెల్లో దూరం కన్నా ఇంట్లో దూరమే ముఖ్యం.

ఈ లెక్కలో తరచు మరిచిపోయేది ఫైబర్ మోడెమ్. చాలా మోడెమ్‌లకు సొంత వైఫై ఉంటుంది. కొత్త రౌటర్లు పెట్టాక దాని సంగతి ఎవరికీ గుర్తుండదు, కానీ అది పాత పేరుతో నాలుగో రేడియోగా చాటుతూనే ఉంటుంది. దాని వైఫైని ఆపేయాలి, లేదా దాన్నే కింది యాక్సెస్ పాయింట్‌గా లెక్కలోకి తీసుకోవాలి.

యాక్సెస్ పాయింట్ల మధ్య కేబుల్ లేకుండా మెష్ పెట్టెలు వాడే ఇళ్లలో ఈ స్వేచ్ఛ తగ్గుతుంది. గాలిలోనే ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే ఆ రెండూ ఒకే ఛానెల్ మీద ఉండక తప్పదు. ఫోన్లకూ, పెట్టెల మధ్య లింకుకూ ఒకే రేడియో వాడే రకాల్లో ప్రతి అంచెకూ వేగం సుమారు సగమవుతుంది. మూడో రేడియోను లింకుకే కేటాయించే రకాలు దీనికన్నా నయం, కేబుల్ అన్నింటికన్నా నయం. కొత్తగా ఇల్లు కట్టేవారు కరెంటు పైపులతో పాటు ప్రతి అంతస్తుకూ నెట్ కేబుల్ కోసం వేరే పైపు వేయించుకుంటే ఈ సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది.

కొలిచి చూడటం

ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ తరహా యాప్‌లు, ఐఫోన్‌లో ఆపిల్ వారి ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ చుట్టూ ఉన్న నెట్‌వర్కులను, వాటి ఛానెళ్లను, బలాన్ని చూపిస్తాయి. వీటిని చదివేటప్పుడు పేర్ల సంఖ్య ఒక్కటే చూడకూడదు. 6 మీద మైనస్ 88 దగ్గర వినిపించే ఎనిమిది నెట్‌వర్కుల కన్నా, 11 మీద మైనస్ 55 దగ్గర రోజంతా వీడియో చూసే ఒక్క ఇల్లు ఎక్కువ భారం. కొన్ని యాక్సెస్ పాయింట్లు తమ ఛానెల్ ఎంత శాతం కాలం నిండి ఉందో బీకన్‌లోనే చెబుతాయి. ఆ అంకె దొరికితే దానికే విలువివ్వాలి. యాక్సెస్ పాయింట్ పెట్టబోయే చోట నిలబడి, ఇరుగుపొరుగంతా ఇంట్లో ఉండే రాత్రి 8, 9 గంటల వేళ కొలవాలి. మధ్యాహ్నం తీసిన లెక్క రాత్రికి నిలవదు.

రౌటర్లలో ఉండే ఆటో అమరిక ఒంటరి పెట్టెకు ఫరవాలేదు. ఒక కంట్రోలర్ కింద నడిచే యాక్సెస్ పాయింట్లలోనూ బాగానే పనిచేస్తుంది. వేర్వేరు కంపెనీల పెట్టెలు కలిపి వాడే ఇంట్లో దాన్ని నమ్మకూడదు. ఒకదాని నిర్ణయం ఇంకోదానికి తెలియదు. కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి లేచి, ఒకరి గొంతు ఒకరికి వినిపించక ముందే ఒకే ఛానెల్ ఎంచుకునే అవకాశం ఉంటుంది. చేత్తో పెట్టిన అంకె అలాగే ఉంటుంది. కొన్ని నెలలకోసారి, లేదా పక్కింట్లోకి కొత్తవారు దిగినప్పుడు సరిచూసుకోవాలి.

6 గిగాహెర్ట్జ్

అమెరికా 2020లో 5925 నుంచి 7125 దాకా 1200 మెగాహెర్ట్జ్ వైఫైకి తెరిచింది. ఐరోపా సంఘం 2021లో 5945–6425 భాగాన్ని ఇచ్చింది. భారతదేశంలో 5925–6425 భాగాన్ని ఇంటి లోపలి తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా ఇచ్చే ముసాయిదా నిబంధనలు 2025 మేలో వెలువడ్డాయి. ఈ బ్యాండ్‌లో 2.4 నాటి పాత పరికరాల బెడద లేదు, స్లాబు దాటి తరంగం పెద్దగా పోదు కాబట్టి అంతస్తుల మధ్య తగువూ తక్కువ. 500 మెగాహెర్ట్జ్‌లో 80 వెడల్పున ఆరు ఛానెళ్లు, 160 వెడల్పున మూడు పడతాయి. వైఫై 7 పెట్టెల మీద రాసి ఉండే 320 వెడల్పున మాత్రం ఒక్కటే. మూడు యాక్సెస్ పాయింట్లున్న ఇంట్లో 320 ఎంచుకుంటే మూడూ ఆ ఒక్కదాని మీదే వంతులు వేసుకోవాలి. 160 అయితే తలా ఒకటి వస్తుంది, అపార్ట్‌మెంట్లో పొరుగువారినీ లెక్కలోకి తీసుకుంటే 80 సరిపోతుంది.